వీధిలో నిలబడి పిలిచిన పేరు

కోవిల్‌పట్టిలో తంగసామి నడిపిన కల్యాణ కేంద్రంలో ఆ ఏడాది ఒక్క జంటకూ పొంతన కుదరలేదు. చింతన మాత్రం అందరికీ కుదిరింది.

తంగసామి అంతకుముందు జెరాక్సు అంగడి నడిపినవాడు. ఒకదాన్ని రెండు చెయ్యడం అతని వృత్తి. రెండువేల నాలుగులో వీధికొక ఇంటర్నెట్టు అంగడి లేచి పాత వ్యాపారాలన్నిటినీ ఆ నెట్టు పక్కకు నెట్టేస్తూంటే, ఇకమీదట ఇద్దర్ని ఒకటి చేసి బతుకుదామనుకున్నాడు. జ్యోతిష్కుడి ఇంట్లో చాప మీద కూర్చుని చూపించుకునే జాతకాన్ని కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తే జనం రారా? వస్తారు. వచ్చారు కూడా.

దానికి కావలసిన పేజీ రాసిపెట్టినవాడు పాండీశ్వరన్. విరుదునగర్‌లో కంప్యూటరు కోర్సు చదివి వచ్చి తంగసామి దగ్గరే పనిలో చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వేళ్ళ కొసల్లో ఇంగ్లీషు. ఆ పేజీలో మొదట అబ్బాయి వివరాలకు ఒక ఫారం పెట్టాడు. పేరు, పుట్టిన తేదీ, నక్షత్రం. అది ముచ్చటగా కుదిరింది. అమ్మాయికి మళ్ళీ మొదట్నుంచీ రాయడమెందుకని ఆ ఫారాన్నే మొత్తంగా నకలు తీసి కింద అతికించాడు. పైన 'అబ్బాయి' అని ఉన్నచోట 'అమ్మాయి' అని మార్చాడు. మిగతాది మిగిలిపోయింది.

కింద ఒక మీట. అది నొక్కితే యంత్రం రెండు నక్షత్రాలనూ తీసుకుని రజ్జు చూసి చెబుతుంది. రజ్జు అంటే తాడు. ఇరవయ్యేడు నక్షత్రాలనూ అయిదు మోపులుగా కట్టిన తాడు అది: తల, మెడ, కడుపు, తొడ, పాదం. వధూవరులిద్దరూ ఒకే మోపులో పడితే పెళ్ళి కూడదంటారు. పాదమైతే కాలు నిలవని తిరుగుడు, తొడైతే దరిద్రం, కడుపైతే బిడ్డలకు కీడు, మెడైతే భార్యకు, తలైతే భర్తకు. తాళితాడు కట్టేలోపల ఆ తాడు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోవాలన్నమాట.

పాండీశ్వరన్ పరీక్షించకుండా ఇవ్వలేదు. తల్లి సీనియమ్మాళ్‌ను అడిగి, నిజంగా పొంతన లేదని ఊరంతా ఎరిగిన ఒక జంట నక్షత్రాలు వేసి చూశాడు. లేదని వచ్చింది. యంత్రం నిజం చెప్పిందని మురిసిపోయాడు. కుదిరే జంటను వేసి చూడాలని అతనికి తోచలేదు.

ఒక్క చిన్న వింత మాత్రం మొదటిరోజే కనిపించింది. అమ్మాయి ఫారంలో 'నక్షత్రం' అన్న మాట మీద నొక్కితే, పక్కనే ఉన్న పెట్టె వదిలేసి పైనున్న అబ్బాయి ఫారంలో పెట్టె మెరిసేది.

"ఏమప్పా ఇది? పిల్లను పిలిస్తే మాపిళ్ళ ఎగిరి వస్తాడే!" అని తంగసామి పకపకా నవ్వాడు. మాపిళ్ళ అంటే పెళ్ళికొడుకు.

"మౌసు పాతదన్నా. మాట మీద కాదు, పెట్టె మీదనే నొక్కండి."

"మౌసును మార్చొద్దు, ఖర్చు. నేనే మారతా," అన్నాడు తంగసామి. ఆ మాట అక్కడితో పోయింది.

తరవాత కీడు మొదలయింది. ఒకరికి కడుపు రజ్జు, ఒకరికి మెడ రజ్జు. అందరికీ ఒకే కీడు వచ్చుంటే ఎవరైనా అనుమానించేవారేమో. ఒక్కొక్కరికీ వాళ్ళ వంతు కీడు వేరు వేరుగా, పేరు పెట్టి వడ్డించినట్టు వస్తూంటే యంత్రం ఎంత లోతుగా చూస్తోందో అని జనం గుడ్లప్పగించారు. నవ్వుతూ వచ్చినవాళ్ళు గొంతు తగ్గించుకుని మెట్లు దిగేవారు. 'ఆ కంప్యూటరు మంచిమాట చెప్పదు, నిజమే చెబుతుంది' అనే పేరు పడింది. ఆ పేజీ పేచీగా మారిందని తంగసామికి మాత్రమే తెలిసింది.

"కాస్త మంచి చెప్పమనప్పా దాన్ని. వచ్చినోళ్ళంతా ఏడ్సుకుంటా పోతే నాకు రేపు బోణీ ఎట్లా?"

"నచ్చత్రాలను నేను మార్చగలనా అన్నా?" అన్నాడు పాండీశ్వరన్. అప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆ గర్వాన్ని చెల్లసామి చావు దించింది.

చెల్లసామి లారీ డ్రైవరు. వాళ్ళ వీధివాడే. జోతి అనే పిల్లను చేసుకోబోతూ సరదాకు వచ్చి చూపించుకున్నాడు. మృగశిర అతనిది. తల రజ్జు అని వచ్చింది. "నా తలకాయ మీద నీ కంప్యూటరుకు ఏమిటికిరా కన్ను?" అని పాండీశ్వరన్ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, జోతి మెడలో తాళి కట్టేశాడు. తూత్తుకుడి నుంచి ఉప్పు వేసుకుని పోతూ, సాత్తూరు దాటాక, ఆగివున్న ఇంకో లారీని గుద్దాడు. పెళ్ళి పందిరి గుంజలు పాతిన గుంతలు ఇంకా పూడలేదు.

చావింట్లో చెల్లసామి తల్లి ఇసక్కియమ్మాళ్ కోడలి వైపు చూడలేదు. పాండీశ్వరన్ వైపు చూసింది.

"నువ్వు చెప్తివి నాయనా. మేమే వినలా," అంది. ఆ తరవాత కోడలి వైపు తిరిగి, "ఇదన్నా వినొద్దా? ఇదీ చదువుకున్నదే కదా!" అంది.

జోతి తలెత్తలేదు. ఆ రోజునుంచీ ఆ ఇంట్లో జోతిని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఊళ్ళో యంత్రానికి మాత్రం ఊరి దేవరకు భయపడినంతగా భయపడసాగారు.

ఆ భయం బస్సెక్కి విరుదునగర్ పోయింది. అక్కడ పాండీశ్వరన్ తల్లికి పుట్టినిల్లు. తాత అళగర్సామి ఇంటికి పెద్ద. మేనమామ కూతురు మారీశ్వరి పాండీశ్వరన్‌కు ఉరిమి పిల్ల, అంటే పుట్టినప్పుడే వరస చేత అతని పేర రాసిపెట్టిన పిల్ల. ఉరిమి పెళ్ళికి వాళ్ళల్లో జాతకం చూడరు. హక్కున్నచోట లెక్క ఎందుకని. తాంబూలాలకు రోజు కూడా అనుకున్నారు. ఇంతలో చెల్లసామి కబురు అందింది.

అళగర్సామి కోవిల్‌పట్టికి మనిషి చేత చెప్పి పంపాడు: వాడి యంత్రంలోనే వాడిదీ వేసి చూడమను.

పాండీశ్వరన్ వేశాడు. అతనిది చిత్త, ఆమెది ధనిష్ఠ. తల రజ్జు.

తెర మీద ఆ మాట చూసి అతని ఒళ్ళు చల్లబడింది. తను రాసినదే తన తలరాత అయింది. సీనియమ్మాళ్ ఏడ్చింది. తాంబూలాలు ఆగిపోయాయి. ముసలాయన కబురు చేశాడు, మారీశ్వరికి శ్రీవిల్లిపుత్తూరు వైపు వేరే సంబంధం చూస్తున్నామని.

ఉండబట్టలేక పాండీశ్వరన్ విరుదునగర్ బస్సెక్కాడు. మధ్యాహ్నం వేళకు తాత ఇంటి అరుగెక్కాడు. ముసలాయన కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవణ్ణి చూసి దగ్గర కూర్చోమని చెయ్యి తట్టాడు. ప్రేమకేమీ తక్కువ లేదు. ఆ ప్రేమే గోడయింది.

"నిన్ను ఒద్దనలేదురా. నువ్వు బతికుండాలంటాండా. నా కూతురు కొడుకును నా కొడుకు కూతురితో చంపిచ్చుకొనేదానికా నేను బతికుండేది?"

"యంత్రం తప్పు చెప్పుంటే తాతా?"

"చెల్లసామికి చెప్పింది తప్పా?"

ముసలాయన లోపలికి తిరిగి, "మారీ! నీళ్ళు తేవే," అని పిలిచాడు. మారీశ్వరి చెంబుతో వచ్చి బావ ముందు పెట్టింది. తలుపు పక్కన ఆనుకుని నిలబడింది.

అప్పుడే వీధిలోకి దర్జీ దుకాణం మనిషి సైకిలు మీద వచ్చాడు. సైకిలు దిగకుండా వీధి మొదట్లోనే కాలు నేలకానించి, తమిళంలో గట్టిగా, "మారీశ్వరీ! జాకెట్టు!" అని అరిచాడు.

ఆ వీధిలో మారీశ్వరులు ఇద్దరు. ఇరుక్కన్‌కుడి మారియమ్మకు మొక్కుకుని కన్న పిల్లలకు ఎక్కడ చూసినా ఆ పేరే. మొదటి ఇంటి మారీశ్వరి, నలుగురు బిడ్డల తల్లి, భారీ మనిషి, బయటికొచ్చి సంచి అందుకుని లోపలికి పోయింది. సైకిలు వెళ్ళిపోయింది. కాసేపటికి ఆమె ఇంట్లోంచి పర్రుమని ఒక చప్పుడు, దాని వెనకే ఒక తిట్టు వినిపించాయి. చంక దగ్గర చిరిగిన జాకెట్టు పట్టుకుని ఆమె తాత ఇంటి ముందుకొచ్చింది.

"ఇది నీదా పిల్లా? నాది కాదే ఇది. నా ఒక్క చెయ్యి కూడా పోలా ఇందులోకి!"

"నాదేక్కా. తాంబూలానికి కుట్టిచ్చింది," అంది మారీశ్వరి, చిరుగును చూస్తూ.

"నా పేరు పిలిచినాడు, నేను పోతిని. వీధిలో నిలబడి అరిస్తే ముందరింట్లో ఉండేది నేను కదా! ఇంటి పేరో, ఇంటి గుర్తో చెప్పి పిలవొద్దా వాడు?"

పాండీశ్వరన్ చేతిలో చెంబు ఆగిపోయింది.

ఇంట్లోంచి పిలిస్తే ఇంటి మారీశ్వరి వస్తుంది. తాత పిలిచాడు, వచ్చింది. ఇంటింటికీ ఒక మారీశ్వరి ఉండవచ్చు, తప్పు లేదు. అతను పుట్టినప్పటినుంచీ చూసింది అదే. అందుకే ఫారాన్ని ఇల్లనుకున్నాడు. అబ్బాయి ఇంట్లో ఒక 'నక్షత్రం', అమ్మాయి ఇంట్లో ఒక 'నక్షత్రం'. పెట్టెలకు 'పేరు' అలా పెట్టుకోవచ్చని కోర్సులో చెప్పారు కూడా. కానీ పేరు వేరు, ఐడీ వేరు. ఐడీ అంటే యంత్రం పెట్టెను వెతుక్కునే గుర్తు; ఒక ఐడీ పేజీ మొత్తంలో ఒక్క పెట్టెకే ఉండాలి. అతను రెండిళ్ళలోనూ ఒకే ఐడీ దించాడు. యంత్రం ఏ ఇంట్లోకీ పోదు. వీధి మొదట్లో కాలానించి 'నక్షత్రం!' అని అరుస్తుంది. ఎప్పుడూ మొదటి ఇంట్లోదే పలుకుతుంది. రెండోసారి అరిచినా అదే.

అమ్మాయి మాట నొక్కితే అబ్బాయి పెట్టె మెరవడం మౌసు పాపం కాదు.

ఇన్నాళ్ళూ అది ఒక్క అమ్మాయి నక్షత్రం కూడా చూడలేదు. ప్రతి అబ్బాయికీ వాడి నక్షత్రాన్నే రెండుసార్లు తెచ్చి, ఒకే మోపులో ఉన్నాయి చూడండని చెప్పింది. ప్రతి మగవాడూ తనతోనే తను పెళ్ళాడి, తన వల్లే తను చచ్చాడు.

"తాతా, తప్పు నాది," అని పాండీశ్వరన్ లేచాడు. "యంత్రం చెప్పింది ఒక్కటీ నిజం కాదు. సరిచేసి అందరి ముందరా మళ్ళా వేస్తా. మీరూ రావల్ల."

మారీశ్వరి చిరిగిన జాకెట్టును మడిచి చంకలో పెట్టుకుంది. ఆమె ముఖంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాడు. కనిపించలేదు. అది అతనికి కొంచెం ముల్లులా గుచ్చుకుంది.

సరిచెయ్యడం ఎంతసేపు? ఐడీల ముందు ఇంటి గుర్తు తగిలించాడు. ఒకటి 'మాపిళ్ళ-నక్షత్రం', ఇంకోటి 'పొణ్ణు-నక్షత్రం', పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. తేదీలకూ పేర్లకూ అలాగే. ఈసారి అమ్మాయి వైపు మాట నొక్కితే అమ్మాయి పెట్టే మెరిసింది. అతనికి గుండె తేలికపడింది.

ఆదివారం కేంద్రం నిండిపోయింది. అగ్గిపెట్టెల మాచిస్ కంపెనీకి సెలవు కాబట్టి ఆడవాళ్ళూ వచ్చారు. అళగర్సామి మనవరాలిని వెంటబెట్టుకుని బస్సు దిగాడు. ఇసక్కియమ్మాళ్ గోడవారగా కూర్చుంది. ఆమెకు దూరంగా, గడప బయట, జోతి. తంగసామి మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరినే లోపలికి వదులుతూ, "తప్పు నాది కాదు, నా పిల్లోడిది. మీ మంచి మీకు వాపసు!" అని దండోరా వేస్తున్నాడు.

తెర గోడ వైపు తిరిగి ఉంటుంది. తమిళ అక్షరాలు ఆ కంప్యూటరులో సరిగా రావు గనక ఫలితం ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. పాండీశ్వరన్ చదివి చెప్పాలి, జనం వినాలి.

ఒక్కొక్క జంటకూ ముడి వీడుతూ వచ్చింది. దోషం లేదు. దోషం లేదు. ఒకామె నెత్తి కొట్టుకుంది, ఆ సంబంధం పోయి పిల్లకు వేరే పెళ్ళి అయిపోయిందట. ఒకాయన పాండీశ్వరన్‌ను తిట్టి, వెంటనే దండం పెట్టాడు.

"చెల్లసామి, జోతి," అని తనే పేర్లు చెప్పుకుని వేశాడు. మృగశిర, అనూరాధ. ఒకటి తల, ఒకటి తొడ.

"దోషం లేదు. పొంతన బాగుండాది," అన్నాడు గట్టిగా, గడప బయటికి వినిపించేలాగ. "జోతి తప్పేమీ లేదు."

ఇసక్కియమ్మాళ్ మెల్లగా లేచి దగ్గరికొచ్చింది. తెర చూడలేదు. అతని ముఖం చూసింది.

"బాగుండాదా?"

"ఔను పెద్దమ్మా."

"అంతా బాగుండేటప్పుడు, వాడు ఏమిటికి పోయినాడు?"

ఇన్నాళ్ళూ కీడు చెప్పి భయపెట్టిన యంత్రం, మొదటిసారి మంచి చెప్పి ఇంకా ఎక్కువ భయపెట్టింది. ముసలమ్మ గడప దాటి బయటికి పోయింది. జోతి పక్కన ఒక్క క్షణం ఆగింది. చెయ్యి వెయ్యలేదు. కానీ, "పదమ్మా జోతీ," అని పేరు పెట్టి పిలిచింది. ఇద్దరూ మెట్లు దిగారు.

"మనదీ ఎయ్యరా," అన్నాడు అళగర్సామి.

పాండీశ్వరన్ నవ్వుకుంటూనే వేశాడు. చిత్త. ధనిష్ఠ. మీట నొక్కాడు. మారీశ్వరి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది.

తల రజ్జు.

మళ్ళీ నొక్కాడు. మారలేదు. అప్పుడు అర్థమయింది. ముందు యంత్రం చిత్తను రెండుసార్లు పిలిచి తల అంది. ఇప్పుడు చిత్తనూ ధనిష్ఠనూ విడివిడిగా, ఎవరి ఇంట్లో వాళ్ళను పిలిచి, చక్కగా చూసి, మళ్ళీ తల అంది. రెండూ ఆ మోపులోనివే. ఊరందరికీ అబద్ధం చెప్పిన పేజీ, రాసినవాడికి ఒక్కడికే మొదట్నుంచీ నిజం చెప్పింది.

"ఏమొచ్చిందిరా?" అన్నాడు ముసలాయన.

నోరు తెరిచాడు.

"బాగుండాది తాతా," అంది వెనకనుంచి మారీశ్వరి, వీధికి వినిపించేటంత గట్టిగా. "దోషమేమీ లేదంట. బావకు సంతోషంలో మాట రావడంలే, చూడండి!"

గది గొల్లుమంది. తంగసామి చప్పట్లు కొట్టి, "అచ్చు తియ్యప్పా, పటం కట్టి ఇస్తా!" అన్నాడు.

"సొంత మనుషులకు కాయిదం ఏమిటికన్నా?" అని మారీశ్వరి వంగి, అతని చేతి మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే మౌసు జరిపి తెర మీది కిటికీ మూసేసింది.

సాయంత్రం బస్టాండుకు నడుస్తున్నారు. అళగర్సామి ముందు, కర్ర తాటించుకుంటూ. వెనక ఇద్దరూ.

"నీకు చదవను రాలేదా మారీ?"

"బాగా వచ్చె."

"తెలిసే చెప్పినావా?"

"కొత్తగా ఏమి తెలిసె బావా? రోజు కాగితాలు చింపే క్యాలెండరు ఉండాది కదా, దాని అట్ట వెనకాల అచ్చేస్తారే, ఏ నచ్చత్రానికి ఏది కూడదని. పావాడ కట్టే వయసులోనే చూసినా. చూసి, అట్టను గోడకు తిప్పి తగిలిచ్చినా. ఇంట్లో ఎవురూ చూడకూడదని ప్రతి ఏడూ తిప్పతానే ఉండా."

"అన్నేళ్ళుగా తెలుసా? భయం లేదా నీకు?"

"నాకేమిటికి భయం?" అని ఆమె నవ్వింది. "తల రజ్జు కదా. పొయ్యేది నువ్వు."

ఆమె వేళాకోళమే ఆడింది. అతనికి తెలుసు. అతనూ నవ్వాడు. దోషం లేదన్న జంటలో మనిషి లేడు, ఉందన్న జంటలో తను నడుస్తున్నాడు, కాబట్టి అదంతా ఉత్తదే అని లెక్క వేసుకున్నాడు. లెక్క సరిపోయింది. ఒళ్ళు మాత్రం చల్లగానే ఉంది.

రోడ్డు దాటాలి. సాత్తూరు మీదుగా పోయే రోడ్డే అది. తూత్తుకుడి ఉప్పు లారీలు వరసగా పోతున్నాయి. ముసలాయన అప్పుడే దాటి, అవతలి వైపు నిలబడి రమ్మని కర్ర ఊపుతున్నాడు. వెనకనుంచి తంగసామి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఆయాసపడుతూ.

"పాండీ! ఒక్క మాట అడగడం మరిచిపోతిని. రేపటినుంచి జనం వస్తారు. ఇకమీద అది సరిగ్గానే చెప్తుంది కదా?"

"సరిగ్గానే చెప్తుందన్నా," అన్నాడు పాండీశ్వరన్. "ఇంక తప్పే రాదు."

మారీశ్వరి అతని చొక్కా చెయ్యి పిడికిట పట్టుకుంది. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకొకటి. రోడ్డు ఖాళీ అయింది. ఆమె పట్టు వదల్లేదు, అడుగూ వెయ్యలేదు.

"బావా," అంది మెల్లగా, "ముందు నేను దిగతా. నువ్వు నా వెనకాల రా."